నాలుగు మూటల ఇల్లు

మేం కాపురం ఉంటున్న ఇంట్లో ఎవరూ కాపురం ఉండడం లేదని తలుపుకు కాగితం అంటించి పోయారు.

అప్పుడే తోట నుంచి వచ్చాం. పొద్దుటి నుంచి కాయల సంచి పట్టీ ఒరుసుకుని నా కుడి భుజం పచ్చిపుండులా ఉంది. మా ఆయనకు అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ చదవడం రాదు, అందుకని నేనే పైకి చదివాను. తనిఖీలో ఈ ఇంట్లో మనుషులు ఉంటున్న ఆనవాళ్లు కనబడలేదట. ఎదురు చూస్తున్న వేరే కుటుంబానికి దీన్ని ఇస్తారట. అభ్యంతరం ఉంటే ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలట. కింద సంతకం, ముద్ర.

మా అత్త ఆ కాగితం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నే చెప్పలా?" అంది.

ఆ రెండు మాటల్లో ఎంత తృప్తి ఉందంటే, ఇల్లు పోతున్నందుకు కాకుండా ఆ తృప్తికి నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం నింపాదిగా ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి పోయి, మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని పుల్లలు విరుస్తోంది. లోపల నల్లరాయి గట్టున్న వంటగది ఉంది. అందులో ఇంతవరకూ అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు.

ఆ సంగతే చెప్పాలి ముందు.

తోట పనివాళ్లకని ప్రభుత్వం కాలవ పక్కన రెండు వరసలుగా కట్టించిన ఇళ్లివి. ఇటుక గోడలు, పైన స్లాబు, రెండు గదులు, వంటగది, అందులో కుళాయి. స్నానాల గది తలుపుకు లోపల గడియ కూడా ఉంది. తాళంచెవి చేతికొచ్చిన రోజు ఆ గడియ వేసుకుని, తీసి, మళ్లీ వేసుకుని లోపలే నిలబడి ఏడ్చాను. పెళ్లయిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా కాచుకుని, చీర అడ్డం కట్టుకుని నీళ్లు పోసుకున్న మనిషిని. నా ఏడుపు చూసి మా అత్త "గడియకే ఇంత ఏడిస్తే గోడలకి ఎంత ఏడవాలి?" అంది. హాస్యం ఆడిందో ఎత్తిపొడిచిందో తెలియదు. ఆవిడతో ఎప్పుడూ తెలియదు.

అంతకు ముందు మేం ఉన్నవన్నీ పనితో పాటు వచ్చే గదులు. కాయలు కట్టే షెడ్డు వెనక రేకుల గదులు. పని ఉన్నన్నాళ్లే గది. కోత అయిపోతే గది పోయె. మేస్త్రికి కోపం వచ్చినా, మనిషికి జ్వరం వచ్చినా పోయె. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఈవిడ తన కుటుంబాన్ని తోట తోటకీ తిప్పింది. అలా తిప్పీ తిప్పీ ఒక పద్ధతి పెట్టుకుంది. మా ఇంట్లో ఉన్నదంతా నాలుగు మూటలు. గిన్నెలూ తపేలాలూ ఆవిడ మూట. పక్కబట్టలు నావి. గింజలు, పనిముట్లు మా ఆయనవి. మా బుడంకాయ, అదే మా అమ్మాయి, నడక రాగానే దానికీ ఒక మూట కట్టించింది. ఏ పూటకాపూట కావలసినవి తీసుకుని, పని కాగానే తుడిచి, మళ్లీ మూట కట్టేయాలి. ఆ ముడి వెయ్యడం కూడా ఒక విద్య. లాగితే బిగుస్తుందే గానీ జారదు. బుడంకాయకు అక్షరాల కంటే ముందు ఆ ముడి నేర్పింది.

ఎందుకు అత్తా అంటే ఒకటే మాట. "ఎందుకైనా మంచిది."

కొత్త ఇంటికొచ్చినా అదే వరస. గోడకు మేకు కొట్టనివ్వదు. మసి పడుతుందని లోపల వండనివ్వదు. గచ్చు పాడవుతుందని లోపల పడుకోనివ్వదు, అందరం వరండాలో చాపల మీద. బల్బు వేస్తే వెనకాలే వచ్చి ఆర్పేస్తుంది. కుళాయి తిప్పితే కట్టేస్తుంది, నీళ్లు కాలవ దగ్గర బోరు నుంచి బిందెతో తెస్తుంది. రోజూ పొద్దున్నే మాత్రం లోపలికెళ్లి తడిగుడ్డతో గచ్చు తుడిచి వస్తుంది. పరాయివాళ్ల ఇల్లు అద్దంలా ఉంచాలి కదా. స్నానాల గది గడియ ఒక్కటే నేను పోట్లాడి దక్కించుకున్నాను, అదీ నీళ్లు బయటి నుంచి మోసుకెళ్లే షరతు మీద.

మా ఆయన సంగతి అడక్కండి. అడకత్తెరలో పోకచెక్క. నాతో "నిజమేనే" అంటాడు, తల్లితో "అలాగేలే అమ్మా" అంటాడు. తర్వాత చాప పరుచుకుని గుర్రు పెడతాడు.

ఆ సాయంత్రం పక్కింటి ట్రాక్టరు డ్రైవరు భార్య వచ్చి జరిగింది చెప్పింది. మనసు వెన్న, నోరు లౌడుస్పీకరు.

"నేను మొత్తుకున్నా వదినా! వీళ్లు ఇక్కడే ఉంటారు సార్, కోతకెళ్లారు అని. ఆ ఆఫీసరు కిటికీలోంచి చూసి, 'ఉండేవాళ్ల ఇల్లు ఇలా ఉంటుందా? గోడ మీద గీత లేదు, వంటగట్టు మీద నూనె మరక లేదు' అన్నాడు. కరెంటు మీటరు చూశాడు. అందులో అంకె మొదట ఉన్నచోటే ఉంది. మూల మూటలు చూసి, 'సామాను పడేసి తాళం వేసుకున్నారు' అన్నాడు. నేనేం చెప్పను?"

ఆఫీసరును తప్పు పట్టడానికి కూడా లేదు. వరస చివర రెండిళ్లు ఎవరో బంధువుల పేరున తీసుకుని ఎరువుల బస్తాలు నింపి తాళం వేశారు. ఇళ్లు లేనివాళ్లు షెడ్ల వెనక ఎంతమంది ఉన్నారో మాకు తెలియనిదా? వాళ్లలోంచే కదా వచ్చాం. దొంగల్ని పట్టడానికి బయల్దేరిన మనిషికి మేం దొరికాం.

మర్నాడు మా ఆయన కోత మానుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆ నోట్లో నాలుక లేని మనిషిని పంపినందుకు రోజంతా నిచ్చెన మీద నన్ను నేనే తిట్టుకున్నాను. కాయ తొడిమకు కత్తెర దగ్గరగా పెట్టి కత్తిరించాలి. కాడ మిగిలితే పక్క కాయకు గుచ్చుకుని క్రేటు క్రేటంతా కుళ్లిపోతుంది. ఆ రోజు నేను ఎన్ని కాడలు మిగిల్చానో, మేస్త్రి రెండుసార్లు వచ్చి అరిచాడు. తిరిగొచ్చాక మా ఆయన చెప్పింది ఇంతే. ఆఫీసరు సెలవు రోజు మధ్యాహ్నం మళ్లీ వస్తానన్నాడట. అదే ఆఖరు తనిఖీ అన్నాడట.

"ఇంకేమన్నాడు?"

"కూర్చోమన్నాడు."

"కూర్చున్నావా?"

"లేదు. బట్టలకి మట్టి ఉంది కదా."

ఏమంటాం? తల్లి పెంపకం.

సెలవు రోజు పొద్దున్నే డ్రైవరు భార్య సైన్యంతో సహా దిగింది. ఆవిడ చేతిలో గోడగడియారం, ఆవిడ చెల్లెలి చేతిలో పూలపూల కర్టెను, వెనకాల పిల్లల చేతుల్లో చెప్పులు, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పెద్దాయన ఫోటో.

"ఇల్లంటే ఇల్లులా కనబడాలి వదినా. ఈ ఒక్కపూటకీ మా సామాను మీది."

నాకు సిగ్గేసింది. నేను నిజంగా ఉంటున్న ఇంట్లో ఉంటున్నట్టు వేషం వెయ్యాలా? పక్కింటివాళ్ల చెప్పులు నా గడప ముందు విడిచిపెట్టి ఇవి మావే అనాలా? కానీ సిగ్గు కడుపు నింపుతుందా, గడియ ఇస్తుందా? కొంగు బిగించి నేనూ చెయ్యి వేశాను. మేకులు కొట్టడానికి వీల్లేదు కాబట్టి ఫోటోను అలమరాలో నిలబెట్టాం. కర్టెను కిటికీ ఊచలకు ముడేశాం. డ్రైవరు భార్య తన మట్టిదాక తెచ్చి వంటగట్టు మీద బోర్లించి ఇంత మసి కూడా రాసిపోయింది.

"అత్తా, ఆ మూటలు విప్పుదాం. సామాను సర్దుదాం" అన్నాను.

"ముట్టుకుంటే చేతులు విరుగుతాయి."

"ఇల్లు పోతుంది అత్తా!"

"పోయేది ఎలాగూ పోతుంది. సామాన్లన్నా దక్కనీ."

ఇది మొండితనం అనుకునేవాళ్లకు ఆవిడ కథ తెలియదు. మా మామ ఒక తోటలో చాలాకాలం కుదురుగా ఉన్నాడట. మేస్త్రి మంచివాడు, గది ఎవరూ అడగరు. నమ్మి, ఆ రేకుల గదికి బంకమట్టి పూసి, పొయ్యి కట్టి, అరలు కొట్టి, గోడ నిండా మేకులు దిగేశాడట. ఒక మధ్యాహ్నం తోట చేతులు మారింది. లారీ నిలబడి ఉంది, ఎక్కేవాళ్లు ఎక్కండి, చీకటి పడేలోగా గదులు ఖాళీ అన్నారు. అందరూ ఎక్కారు. ఈయన మాత్రం, నా మేకు ఒక్కటి కూడా వాళ్ల గోడకు వదలనని పంతం పట్టి, ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు. లారీ వెళ్లిపోయింది. వాన పట్టుకుంది. చంకలో పిల్లవాడితో, తడిసిన బొంతలతో ఇద్దరూ ఆ దారంతా నడిచారు. అప్పుడు పట్టిన దగ్గు మా మామను మళ్లీ వదల్లేదు, మరుసటి కోతల దాకా బతకలేదు. "మేకులు పెట్టుకోకపోతే మనిషి దక్కేవాడు" అంటుంది అత్త. ఆ చంకలో పిల్లవాడే మా ఆయన.

అందుకని మూటల్ని వంటగది తలుపు వెనక పెట్టి, దుప్పటి కప్పి ఊరుకున్నాను.

ఆఫీసరు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బండి ఆపి హెల్మెట్ తీస్తే నుదుటి మీద దాని గీత. మెడ చుట్టూ చేతిరుమాలు. వయసు మా ఆయనంతే ఉంటుంది గానీ మనిషి మాకంటే అలిసిపోయి ఉన్నాడు. లోపలికి వచ్చి చుట్టూ చూశాడు. గడియారం చూశాడు. దాక చూశాడు. ఫోటో ముందు ఆగాడు.

"ఎవరమ్మా ఈయన?"

"మా మామగారు సార్" అన్నాను. తడుముకోకుండా అన్నందుకు నాకే ఆశ్చర్యం.

"కాదమ్మా," అంది బుడంకాయ, పాఠం తప్పు చదివితే దిద్దినట్టు. "డ్రైవరు మామావాళ్ల నాన్న. సాయంత్రం ఇచ్చెయ్యాలి."

గుమ్మం బయట డ్రైవరు భార్య నెత్తి కొట్టుకున్న చప్పుడు లోపలికి వినబడింది. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. దాన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు నాకు. ఆరేళ్ల పిల్లకు అబద్ధం నేర్పడం మరిచిపోయాం, ముడి ఒక్కటే నేర్పాం.

ఆఫీసరు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కళ్లు రుద్దుకున్నాడు.

"నాటకం చూడ్డానికి ఇంత ఎండలో రావాలా అమ్మా నేను? అవతల పిల్లాపాపలతో షెడ్లలో పడి ఉన్నవాళ్లు రోజూ నా గుమ్మం ముందు కూర్చుంటున్నారు. ఏం చెప్పను వాళ్లకి? ఇంక ఖాళీ చెయ్యక తప్పదు."

ఖాళీ. ఆ మాట వినబడగానే అత్త లేచింది. వంటగది తలుపు వెనకకు వెళ్లి దుప్పటి తీసి, తన మూట ఎత్తి నెత్తిన పెట్టుకుంది. ఆవిడ వెనక మా ఆయన. ఆయన వెనక బుడంకాయ. నేను లేవకూడదనుకున్నాను. కూర్చుని దెబ్బలాడాలనుకున్నాను, చెప్పాల్సింది కొండంత ఉంది. కానీ నా కాళ్లు నన్ను అడగలేదు. తెలివి వచ్చేసరికి పక్కబట్టల మూట నా చంకలో ఉంది, వరసలో నా చోట నేను నిలబడి ఉన్నాను. ఒక్క మాట లేదు, ఒక్క గిన్నె చప్పుడు లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆఫీసరు తెల్లబోయి చూశాడు.

"ఎక్కడికి?"

"తెలీదు బాబూ. ముందు గడప దాటాలి. తర్వాత సంగతి తర్వాత" అంది అత్త.

"ఇప్పుడే పొమ్మని ఎవరన్నారు?"

"అన్నాక ఇంక టైము ఉండదు బాబూ."

ఆయన బుడంకాయ వైపు చూశాడు. నెత్తిమీద మూటను రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడింది అది.

"నీ మూటలో ఏముంది?"

"గౌను, పలక, దువ్వెన. దువ్వెన అందరిదీ. కానీ నేనే మొయ్యాలి."

ఆయన గడప మీద కూలబడ్డాడు. మంచినీళ్లు అడిగాడు. నేను కంగారులో కుళాయి తిప్పాను. అది ఖళ్లుఖళ్లుమని దగ్గి, గాలి వదిలి, ఇంత తుప్పునీళ్లు కక్కింది. ఉన్న పరువూ అక్కడితో సరి.

"అది తాగేది కాదు బాబూ, ఇటు రా" అంది అత్త, ఆఫీసరు అని కూడా లేకుండా. నెత్తిన మూటతోనే ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్లి బిందెలోంచి ముంచి ఇచ్చింది.

అప్పుడు చూశాడాయన. మసిబారిన మూడు రాళ్లు. పక్కన మోకాటి ఎత్తు బూడిద కుప్ప. దండెం మీద మా బట్టలు. గోడ వారగా చుట్టి పెట్టిన నాలుగు చాపలు, అందులో ఒకటి చిన్నది. మొదటిసారి కిటికీలోంచి చూసిపోయిన మనిషి పెరటి వైపు రాలేదు మరి.

"ఇక్కడా మీరు ఉండేది?"

"ఇల్లు పాడవకూడదు కదా" అంది అత్త. "రేపు మీరు అడిగితే ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు అప్పజెప్పాలి."

నీళ్లు తాగడం ఆపి ఆయన ఆ బూడిద కుప్ప దగ్గర వంగి చూశాడు.

"పెద్దమ్మా, ఇంట్లో ఉంటున్నారు, లేదు, ఈ రెండే నేను రాయగలిగేది. ఇంటి వెనక ఉంటున్నారని రాయడానికి నా కాగితంలో చోటు లేదు. ఆ మూటలు విప్పండి. నా కళ్లముందు."

మా ఆయన తల్లి వైపు చూశాడు. నేను నా మూట దింపాను, ముడి మీద చెయ్యి వేశాను, ఆవిడ ఒప్పుకోకపోయినా విప్పేదాన్నే. కానీ ఆవిడే ముందు వంటగదిలోకి నడిచింది. గట్టు మీద మూట దింపి విప్పడం మొదలుపెట్టింది. తపేలాలు, గరిటెలు, మూతలు. పై వరస రోజూ తీసేదే. కింద ఇంకో గుడ్డ, దానికింకో ముడి. ఆ ముడి విప్పగా నేనెప్పుడూ చూడలేదు. పాతబడి రాయిలా బిగిసిపోయింది. గోళ్లతో కాక, పళ్లతో పట్టి లాగింది.

లోపల ఒక రేకు డబ్బా. మూత తీస్తే మేకులు. తుప్పు పట్టినవి, కానీ ప్రతి ఒక్కటీ సాగగొట్టి తిన్నగా చేసి ఉంది.

ఈ మేకుల్ని ఆవిడ ఎంతగా తిట్టిందో నాకు తెలుసు. మనిషిని మింగిన మేకులు అనేది. వాటినే ఇన్నాళ్లూ నెత్తిన మోసింది.

"దారిలో చెట్టు కింద ఆగి, వాన వెలిసేదాకా రాయి మీద పెట్టి ఒక్కొక్కటీ తిన్నగా కొట్టాడు" అంది ఎవరితోనో చెప్తున్నట్టు. "వచ్చే ఇంటికి పనికొస్తాయన్నాడు. పారెయ్యబుద్ధి కాలా."

మా ఆయన సుత్తి తీసి ఇచ్చాడు. ఆవిడ కొట్టిన మొదటి దెబ్బ గురి తప్పి గోడ మీద పడింది, సున్నం రాలింది. ఆవిడ గబుక్కున ఆఫీసరు మొహంలోకి చూసింది. ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి కాలవ చూస్తున్నాడు. రెండో దెబ్బకు మేకు దిగింది, కాస్త వంకరగా. దానికి ఏం తగిలించాలో తోచలేదు ఆవిడకు. చివరికి ఖాళీ అయిన మూటగుడ్డ తగిలించింది.

ఆఫీసరు పోతూ పోతూ తలుపు మీది కాగితం పీకాడు. సగం చిరిగి సగం జిగురుకు అంటుకునే ఉంది. "మళ్లీ వస్తాను. మీటరు తిరగాలి" అన్నాడు. నమస్కారం పెడితే చూసుకోకుండానే బండెక్కాడు.

ఆ సాయంత్రం గట్టు మీద వండాం. అత్త మసి తుడుస్తూనే ఉంది, నేను ఊరుకోమని అరుస్తూనే ఉన్నాను. గచ్చు మీద పడుకుంటే నాకు నిద్ర పట్టలేదు. సంతోషం కాదు అది. ఇన్నేళ్ల అలసట ఒక్కసారిగా ఒంట్లోకి దిగినట్టుంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, మేమింకా అలకడం దగ్గరే ఉన్నాం.

తెల్లారి కోతకు బయల్దేరుతున్నాం. ఆకుల మీద మంచు ఆరేదాకా కాయ ముట్టుకోకూడదు, అయినా పొద్దున్నే వెళ్లి తోట గట్టు మీద కూర్చోవాలి, అది మేస్త్రి రూలు. బుడంకాయ బడికి తయారైంది. తలుపు దగ్గర దాని మూట ఉంది. నిన్న విప్పి అలమరాలో సర్దిన మూట. మళ్లీ కట్టి ఉంది.

"పలకేదే?" అన్నాను.

"అందులో."

"ఎందుకు కట్టావు? కాగితం పీకేశారుగా, ఇల్లు మనదే!"

అది నన్ను జాలిగా చూసింది. ఏమీ తెలియని చిన్నపిల్లను చూసినట్టు.

"ఎందుకైనా మంచిది" అంది.

అత్త అప్పుడే వాకిలి దిగబోతోంది, తలగుడ్డ సగం చుట్టుకుని. అక్కడే ఆగిపోయింది. తలగుడ్డ విప్పేసి వెనక్కి వచ్చింది. గడప మీద కూర్చుని ఆ చిన్న మూటను ఒళ్లోకి తీసుకుంది. "మీరు పోండి" అంది మాతో. పని మానడం ఆవిడ జీవితంలో నేను చూడలేదు.

కాలవ గట్టు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. బుడంకాయ పక్కనే నిలబడి కనిపెట్టుకుని ఉంది, బడికి ఆలస్యమవుతోందని కాళ్లు మారుస్తూ. ముసలామె తలవంచి, పళ్లతో ఆ ముడి పట్టుకుని లాగుతోంది. అది ఇంకా ఊడి రాలేదు.